నాలుగు సెకన్ల బోర్డు

ఫైనలియర్ ప్రాజెక్టుకి బోర్డు ఎంచుకోమంటే పిల్లలంతా ఒకటే తప్పు చేస్తారు. బీరువాలో అన్నిటికంటే పెద్దదాన్ని అడుగుతారు. గుమ్మం దగ్గర లైటు వెలిగించి ఆర్పడానికి కూడా రాకెట్ నడిపే చిప్పు కావాలంటారు. ఎందుకని అడిగితే జవాబు ఉండదు. పక్క బ్యాచీ వాళ్లు తీసుకున్నారు, అంతే.

విజేత కూడా ఆ తప్పే చేసింది. కాకపోతే ఆమెకొక కారణం ఉంది. ఆ కారణం పేరు ఓదెలు. ఆమె తండ్రి.

ఓదెలు బొగ్గుబాయిలో కప్పు చూసే మనిషి. భూమి లోపల బొగ్గు పేల్చాక, పొగ పోయాక, అందరికంటే ముందు లోపలికి అడుగుపెట్టేది అతనే. నెత్తి మీదుండే రాయిని అక్కడ కప్పు అంటారు. అది గట్టిగా పట్టుకుని ఉందో, పొర విడిపోయి పడటానికి సిద్ధంగా ఉందో చూపుకు తెలియదు. ఓదెలు ఇనుప కొస ఉన్న కర్ర ఎత్తి కొడతాడు. ఖంగుమంటే మంచిది. డొల్లగా మోగితే చెడ్డది. ఇంతవరకే పుస్తకాల్లో ఉంది. ఆ రెండు మోతల మధ్య ఇంకా ఎన్నో మోతలున్నాయని పుస్తకం రాసినవాడికి తెలియదు. వాటిని విడదీసి చెప్పడానికి ఒక మనిషికి పదేళ్లు పడుతుంది. ఆ పదేళ్లూ అతను బతికి ఉండాలి.

ఓదెలు ఇరవై ఆరేళ్లు బతికి ఉన్నాడు. అతను 'రైట్' అంటే ముప్పై మంది లోపలికి నడిచేవాళ్లు. 'బయటికి' అంటే మేనేజరైనా సరే వెనక్కి తిరిగేవాడు. అతను చూసిన కప్పు కింద ఒక్క మనిషీ పోలేదు. అందుకు ఎవరూ శాలువా కప్పలేదు. పడని రాయికి శాలువా కప్పే అలవాటు మనకు లేదు.

ఇంకో నాలుగేళ్లలో ఓదెలు రిటైరవుతాడు. ఆ బాయిలో కప్పు చూసేవాళ్లు మొత్తం పదకొండు మంది. అందరివీ నెరిసిన తలలే. వాళ్లు ఇంటికి పోతే ఆ విద్య కూడా వాళ్లతోపాటే పోతుంది. విజేత పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదువుతోంది. తండ్రి విద్యను ఒక డబ్బాలో పట్టాలనుకుంది. పెద్ద బోర్డు తెచ్చి, మంచి మైకు తగిలించి, మూసేసిన పాత బాయి మొదట్లో కొత్తవాళ్ల శిక్షణ కోసం ఉంచిన సొరంగంలోకి తండ్రిని తీసుకుపోయింది. వంద దెబ్బలు కొట్టించింది. బోర్డు అరవైకి సరిగ్గా చెప్పింది. అంటే నలభై సార్లు మనుషుల్ని రాయి కిందికి పంపేదో, ఊరికే వెనక్కి తిప్పేదో అన్నమాట.

ఓదెలు నవ్వి ఊరుకోలేదు. "ఇదంత చెవుతోనే ఇంటననుకున్నవా బిడ్డా?" అన్నాడు. "ఎడమ చెయ్యి యాడ వెట్టిన్నో జూసినవా?"

విజేత చూడలేదు. చిన్నప్పటినుంచీ ఇంటి గోడ మీద కర్రతో కొట్టి ఆడుతూ చూపించేవాడు. అప్పుడూ చూడలేదు. కుడిచేత్తో కొట్టేటప్పుడు ఎడమ అరచేతిని రాతికి ఆనించి పెడతాడు. వణుకు ముందు చేతికి తెలుస్తుంది. ఆ తర్వాతే చెవి. అరచేతి కింద రాయి ఎలా వణికిందో, చెవిలో ఎలా మోగిందో, ఆ రెండూ కలిసిన చోట ఉంది విద్య. మైకు ఎంత మంచిదైతే ఏం లాభం, సగం మనిషినే పట్టుకుంది.

అప్పుడొచ్చింది జాణ.

హైదరాబాద్‌లో కొత్తగా పుట్టిన ఒక సంస్థ ఆ బోర్డు తయారుచేసింది. దాని తరఫున హేమంత్ అనే ఆయన కాలేజీకి వచ్చాడు. దుర్మార్గుడు కాదు, ఆ మాట ముందే చెప్పాలి. మర్యాదగా మాట్లాడేవాడు, పిల్లలు అడిగితే కింద కూర్చుని వైర్లు కలిపేవాడు. ప్రాజెక్టు గైడు ఫణిభూషణ్ సార్‌కి ఆయనంటే తెగ గౌరవం. ఏ బ్యాచీకి జాణ ఇవ్వాలా అని వెతికి, విజేత సంగతి విని, ఆమె చేతిలో పెట్టారు.

జాణ అరచేతిలో సగం ఉంటుంది. దానికి మైకు లేదు. అది మోతను వినదు, మోత విన్న మనిషిని వింటుంది. చెవి వెనక ఒక బిళ్ల, ఎడమ మణికట్టు మీద ఒక బిళ్ల. కర్ర తగిలినప్పుడు ఓదెలు నరాల్లో లేచే చిన్న గంతును పట్టుకుని, ఇతను ఇప్పుడు మంచిదనుకున్నాడా చెడ్డదనుకున్నాడా అని నేర్చుకుంటుంది. అర్థమైందనిపిస్తే మణికట్టు దగ్గర గిలి పెడుతుంది. ఒక గిలి మంచిది, రెండు గిలులు చెడ్డది. తప్పైతే ఓదెలు బిళ్ల మీద నొక్కాలి. దిద్దుకుంటుంది. నేర్చుకోవడం పూర్తయ్యాక ఎవరి ఒంటికి తగిలించినా చాలు, వాళ్ల నరాలు విన్నదాన్ని ఓదెలు విన్నట్టుగా విడదీసి చెబుతుంది. గ్యాసు అంటుకునే రవ్వ దాన్నుంచి లేవదని పరీక్ష చేశాక బాయి లోపలికి కూడా రానిచ్చారు.

మూడు వారాలు ఓదెలు దాన్ని పెట్టుకుని పనికి పోయాడు. మొదటి వారం జాణ అతని వెనక తడబడుతూ నడిచింది. రెండో వారం పక్కన నడిచింది. మూడో వారం విజేత గిలి వేగాన్ని చివరిదాకా పెంచింది. రిపోర్టులో అంకెలు అందంగా వస్తాయని. అప్పుడది అతని ముందు నడిచింది. ఓదెలు కర్ర దించకముందే మణికట్టు గిలిపెట్టేది. అతను అది చూసి మురిసిపోయాడు. టీ కొట్టు దగ్గర అందరికీ చెప్పాడు, నా చెవి నా బిడ్డ డబ్బాలకెక్కిందని.

నిజంగానే ఎక్కింది. ఒక ఆదివారం హేమంత్, ఫణిభూషణ్ సార్, శిక్షణ కేంద్రం ఆఫీసరు చూస్తుండగా విజేత ఆ బిళ్లలు తన ఒంటికి పెట్టుకుని సొరంగంలో నిలబడింది. జీవితంలో ఒక్కసారి కూడా కప్పు కొట్టని పిల్ల. కర్ర ఎత్తి కొట్టింది, ఎడమ అరచేయి రాతికి ఆనించింది. ఆమె చెవికి అన్నీ ఒకేలా మోగాయి. కానీ మణికట్టు మాత్రం ఒక్కో దెబ్బకూ ఒక్కో మాట చెప్పింది. రెండు గిలులు వచ్చినప్పుడు ఆమె 'బయటికి' అంది. ఆ మాట తన నోట్లోంచి తండ్రి గొంతుతో వచ్చినట్టనిపించింది. మొదట్లో ఓదెలు చెప్పిన జవాబులతో సరిచూస్తే వందలో తొంభై ఎనిమిది. ఆఫీసరు టోపీ తీసి తల తుడుచుకున్నాడు.

హేమంత్ అక్కడే చెప్పేశాడు. మిగతా పది మందికీ ఇలాగే బిళ్లలు పెడతారట. పదకొండు చెవులు ఒక బోర్డులో పడితే దేశంలో ఏ బాయికైనా పంపొచ్చట. విజేతకు ఉద్యోగం ఖాయమట. మూడు వారాల్లో ఫైనల్ రివ్యూ, అది అయిపోగానే మొదలుపెడదామని చెప్పి జాణను ఆమె దగ్గరే ఉంచి వెళ్లాడు. ఓదెలు ఒంటి మీద దాని అవసరం తీరింది. బిళ్లలు విప్పేసి మామూలుగా పనికి పోవడం మొదలుపెట్టాడు.

ఆ వారమే ఎండలు ముదిరాయి. విజేత తల్లి సమ్మక్క నీళ్లకు కొత్త రంజన్ కొనాలంది. ఆ వాడకట్టులో ఎవరు కుండ కొన్నా ఓదెలును వెంట తీసుకుపోవాల్సిందే. అతను వేలి కణుపుతో కొట్టి ఇది పగిలింది, ఇది పచ్చిది, ఇది తీసుకో అంటాడు. కుమ్మరి కూడా అతన్ని చూస్తే మంచివే ముందుకు తోసేవాడు. ఆ రోజు మూడు కొట్టి ఒకటి ఎంచాడు. ఇంటికి తెచ్చి నీళ్లు పోస్తే గంటలో గచ్చంతా తడి.

సమ్మక్కకు నవ్వాగలేదు. "ముప్పై మందిని గాసే చెవంట. ఒక్క రంజన్‌ను గాయలే" అంది.

ఓదెలు నవ్వలేదు. పగిలిన రంజన్‌నూ, వంటింట్లో ఉన్న పాతదాన్నీ పక్కపక్కన పెట్టుకుని వాకిట్లో కూర్చున్నాడు. ఒకసారి దీన్ని, ఒకసారి దాన్ని కొడుతూ పోయాడు. అన్నం చల్లారిపోయిందని సమ్మక్క రెండుసార్లు పిలిచింది. విజేత అది చూసి, నాన్న కుమ్మరి మీద కోపంగా ఉన్నాడనుకుంది. రివ్యూకి చార్టులు గీసుకునే పనిలో పడిపోయింది.

నాలుగు రోజుల తర్వాత గట్టయ్య కాలేజీ గేటు దగ్గరికి వచ్చాడు. పదకొండు మందిలో అతనొకడు, ఓదెలుతో ఒకే షిఫ్టు, ఒకే చోట పని. ఇంటికి రాకుండా కాలేజీకి వచ్చాడంటే చెప్పాల్సింది ఓదెలు ఎదురుగా చెప్పేది కాదన్నమాట.

"నీ అయ్య కర్ర గొట్టి నా మొఖం జూసిండు బిడ్డా" అన్నాడు గట్టయ్య.

విజేతకు అర్థం కాలేదు.

"ఇరవై ఆరేండ్లల్ల ఎన్నడన్న మంది మొఖం జూసిండా? కప్పు జూసేటోడు కప్పే జూత్తడు. మొన్న మూడు దెబ్బలు గొట్టి నా దిక్కు జూసిండు. ఏమంటవ్ గట్టన్నా అన్నట్టు. నాకు పానం గిలగిల కొట్టుకున్నది."

గట్టయ్య కర్ర అందుకుని తనే కొట్టి, బయటికి అని అరిచాడట. తర్వాత షిఫ్టు వాళ్లు దిగేసరికి అక్కడ మంచమంత రాతిపలక పడి ఉందట. ఆ రోజునుంచి అక్కడ గట్టయ్యే కొడుతున్నాడట. ఓదెలు అన్న మాట మాత్రం ఒకటే. ఇంట్లో చెప్పకు అని.

ఆదివారం విజేత తండ్రిని సొరంగానికి తీసుకుపోయింది. జాణ లేకుండా వంద దెబ్బలు. జాణ రాకముందు తనే చెప్పిన జవాబులతో సరిచూస్తే యాభై ఒకటి సరైనవి. బొమ్మా బొరుసూ వేసినా అన్నే వస్తాయి. ఓదెలు ప్రతి దెబ్బకూ అరచేయి రాతికి ఒత్తి పెట్టి, కళ్లు మూసుకుని, ఎవరో పిలుస్తారని ఎదురుచూసేవాడిలా నిలబడ్డాడు. అతను ఎదురుచూస్తున్నది గిలి కోసం. అది రాదు.

ఆమె ల్యాబులోకి వెళ్లి మూడు వారాల రికార్డును కాగితం మీద తీసింది. ఒక్కో రోజుదీ ఒక్కో పట్టీ. బల్ల మీద వరసగా పరిచింది. మొదటి వారం ఓదెలు నరం గంతు ఎత్తుగా ఉంది, ఆ తర్వాత గిలి వస్తోంది. మూడో వారం మోత నరాన్ని తాకిన మొదటి అదురుకే గిలి ముందు, అతను తేల్చుకున్న గంతు వెనక. ఆ రోజునుంచి గంతు ఎత్తు తగ్గుతూ పోయింది. నిన్నటికంటే ఇవాళ కొంచెం తక్కువ, ఇవాళటికంటే రేపు ఇంకొంచెం తక్కువ. ఆఖరి పట్టీలో గీత చదునుగా ఉంది. పక్కన కూర్చున్నవాడు ముందే జవాబు చెప్పేస్తుంటే ఏ పిల్లవాడు లెక్క చేస్తాడు? నరం కూడా అంతే. పని మానేసింది.

వేగం పెంచింది ఎవరో ఆ పట్టీల మీదే రాసి ఉంది. తేదీ, సమయం, విజేత పేరు.

ఫణిభూషణ్ సార్ పట్టీలు చూసి, వయసు మీద పడితే వినికిడి తగ్గదా అమ్మా అన్నాడు. మూడు వారాల్లోనా సార్ అంటే, దీన్ని భవిష్యత్ పరిశోధన అనే శీర్షిక కింద ఒక పేరాగా పెట్టుకోమని సలహా ఇచ్చాడు. చదువుకున్నవాళ్లకు ఆ శీర్షిక ఒక చెత్తబుట్ట. పనికిమాలినవీ, భయపెట్టేవీ అన్నీ అందులో వేస్తారు.

హేమంత్ మాత్రం పట్టీలను చాలాసేపు చూశాడు. ఆయన ముఖం పాలిపోయింది. కానీ ఆయనకూ పైన మనుషులున్నారు. "ఆ చెవి పోలేదమ్మా" అన్నాడు చివరికి. "బోర్డులో భద్రంగా ఉంది."

"ఎవరికి భద్రం సార్?" అంది విజేత.

తిరిగి ఇవ్వగలరా అని అడిగింది. ఇవ్వలేరు. జాణ మళ్లీ పెట్టుకుంటే ఓదెలుకు జవాబు తెలుస్తుంది గానీ, గిలి ఎంత పెడితే నరం అంత నిద్రపోతుంది. గిలి ఆలస్యంగా వచ్చేలా చేద్దాం, అదొక సెట్టింగే కదా అన్నాడాయన. ఆ మాట వినగానే విజేతకు తన వేలే గుర్తొచ్చింది, వేగం పెంచిన వేలు. సెట్టింగ్ అనేది మార్చడానికే ఉంటుంది. రేపు ఉత్పత్తి పెరగాలని ఒకరు మారుస్తారు, అంకెలు అందంగా రావాలని ఇంకొకరు మారుస్తారు. కూతురే మార్చింది, పరాయివాడు మార్చడా?

తండ్రికి చెప్పడం అన్నిటికంటే కష్టమైంది. పట్టీలు చాప మీద పరిచి, వేలితో చూపిస్తూ, వేగం సంగతితో సహా చెప్పింది. ఓదెలు ఆఖరి పట్టీ మీద చదునుగా ఉన్న గీతను బొటనవేలితో రుద్ది చూశాడు, చెరిగిపోతుందేమో అన్నట్టు. సమ్మక్క వంటింటి గడపలో నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పోతె పోయింది తియ్యి. నీ కాడనే ఉన్నది గద" అన్నాడు ఓదెలు. తర్వాత ఒక ప్రశ్న అడిగాడు. అయిదో నంబరు పొరలో వచ్చే ఏడు కొత్తగా బొగ్గు తీస్తారు. అక్కడి రాయి వేరు. కొత్త చోటికి పోతే తనకు మూడు నాలుగు రోజులు భయంభయంగా కొట్టుకుంటూ పోతే గానీ పట్టు దొరికేది కాదు. ఈ డబ్బా ఆ రాయిని నేర్చుకుంటుందా అని.

నేర్చుకోదు. తెలిసిన మనిషి ఒంటి మీద ఉంటేనే అది నేర్చుకుంటుంది. తెలియని మనిషి ఒంటి మీద దానికీ ఏమీ తెలియదు.

"అంటె మా పదకొండు మందిని ఆరగిచ్చినంక, కొత్త రాయి కాడ అదీ గుడ్డిదే, మేమూ గుడ్డోళ్లమే" అన్నాడు ఓదెలు. ఆ మాట ఫణిభూషణ్ సార్ మూడు పేరాల్లో కూడా చెప్పలేడు.

రివ్యూకి తొమ్మిది రోజులుంది. జాణ చేతిలో ఉంది, తొంభై ఎనిమిది అనే అంకె చేతిలో ఉంది, ఉద్యోగం కూడా. రివ్యూలో జాణను బల్ల మీద పెడితే తెల్లారి మిగతా పది మంది చెవుల వెనక బిళ్లలు అంటుకుంటాయి. పెట్టకపోతే పెట్టడానికి ఆమె దగ్గర ఇంకేమీ లేదు.

తండ్రికి ఎంత మిగిలిందో రోజూ కొలవాలని ఒక చిన్న ఏర్పాటు చేసుకుంది. పెద్ద బోర్డులన్నీ రివ్యూ కోసం పిల్లలు పట్టుకుపోయారు. మొదటి సంవత్సరం వాళ్లు లైట్లు వెలిగించడం నేర్చుకునే పాత నీలం బోర్డు ఒకటి దొరికింది. అగ్గిపెట్టెంత. దాని జ్ఞాపకంలో ఒక ఫొటో కూడా పట్టదు. గ్రీటింగ్ కార్డులో పాట పాడే పలచటి రేకు బిళ్ల ఉంటుంది చూశారా, అలాంటిదాన్ని ఒక చేతితొడుగు అరచేతి భాగంలో కుట్టింది. అది వణుకును పట్టుకుంటుంది. పక్కన ఒక మైకు. సరైన జవాబు కోసం గట్టయ్యను తీసుకొచ్చింది. ఓదెలు, అతని తర్వాత గట్టయ్య కొట్టి చెప్పాలి, బోర్డు లెక్కకట్టి మంచిదైతే పచ్చలైటు, చెడ్డదైతే ఎర్రలైటు వెలిగించాలి.

పాపం, ఆ బోర్డు లెక్కకట్టడానికి నాలుగు సెకన్లు తీసుకునేది. గట్టయ్యకు ఒళ్లు మండింది. కప్పు కింద నాలుగు సెకన్లు నోరు మూసుకుని నిలబడటం ఆ మనుషులకు చేతకాదు. "ఇది లేసి మొఖం కడుక్కునేలోపట నేను రెండు మాట్ల చెప్తి" అని విసుక్కున్నాడు.

విజేత చేతిలో పెన్ను ఆగిపోయింది. వెనక్కి వెళ్లి రాసుకున్నదంతా చూసింది. ప్రతిసారీ అంతే. దెబ్బ పడ్డాక గట్టయ్య ఒకటిన్నర, రెండు సెకన్లలో తేల్చేస్తున్నాడు. ఓదెలుకు మూడు పడుతోంది. బోర్డు ఎంత గింజుకున్నా వాళ్లకంటే ముందు రాలేదు. అది వేగంగా ఉండాలని ఎవరు కోరుకున్నా ఉండదు. మేనేజరు తిట్టినా ఉండదు. దానికి ఆ శక్తే లేదు. మనిషి నరం తన పని తాను పూర్తిచేసేదాకా ఆగే మర్యాద దాని ఒంట్లోనే ఉంది. సెట్టింగ్‌లో కాదు, రాగిగీతల్లో.

ఇక ఆమెకు ఆకలి కూడా గుర్తులేదు. మనిషి కొట్టాలి, నోటితో చెప్పాలి, బటన్ నొక్కాలి. ఆ తర్వాతే లైటు వెలగాలి. ఇద్దరిదీ ఒకే మాటైతే సరే. ఇద్దరిలో ఎవరు వద్దన్నా బయటికే. ఇదే నియమం.

చిక్కొకటే. ఆ బోర్డులో నలభై మోతలకు మించి పట్టవు. ఏ నలభై? ఓదెలు చెప్పలేడు. అందుకని షిఫ్టు దిగిన పదకొండు మందినీ బాయి క్యాంటీన్‌లో కూర్చోబెట్టింది. ముందు పట్టీలు చూపించింది. ఒకతను లేచి ఓదెలు భుజం మీద చెయ్యేసి కూర్చున్నాడు. తర్వాత మోతల సంగతి ఎత్తింది. అంతే, క్యాంటీన్ అదిరిపోయింది.

ఆ మనుషుల దగ్గర ప్రతి మోతకూ ఒక పేరుందని ఆమెకు అప్పటిదాకా తెలియదు. దగ్గే కప్పు. నిద్రకప్పు. నీళ్లు దాగిన కప్పు, ఊటనీరు పీల్చి లోపల లోపలే నానిపోయి, మోతలో మాత్రం అమాయకంగా ఉండేది, అన్నిటికంటే కష్టమైనది అదే. అత్త కప్పు అంటే ఎప్పుడూ రుసరుసలాడుతుంది గానీ మీద పడదు. అల్లుడు కప్పు ఏమీ అనదు, ఒకరోజు కూలుతుంది. రెండు మోతలు ఒకటేనని ఒకరంటే, నువ్వు ఆ తేడా తెలియక ఇన్నేళ్లు ఎట్ల బతికినవ్ అని ఇంకొకరు. టీలు చల్లారాయి. బల్ల మీద వేళ్లతో కొట్టి చూపించారు, నోటితో మోగించి చూపించారు. ఏ కాలేజీలోనూ అంత గొప్ప సదస్సు జరగలేదు. ఒక్కరికీ కోటు లేదు, ఒక్కరూ ఊరికే పొగుడుకోలేదు, ఒక్కో మాట వెనకా ఒక మనిషి ప్రాణం ఉంది. మూడు రోజులు కొట్లాడి నలభై తేల్చారు. ఓదెలు మూలన కూర్చుని కొత్తగా బాయిలో చేరినవాడిలా అన్నీ విన్నాడు.

రివ్యూ రోజు హేమంత్ ముందు వరసలో ఉన్నాడు. విజేత జాణను పెట్టె తెరవకుండా ఒక పక్కన ఉంచి, నీలం బోర్డును బల్ల మీద పెట్టింది. బయటినుంచి వచ్చిన పరీక్షకుడు దాన్ని ఎత్తి, అటూ ఇటూ తిప్పి, ఈ రోజుల్లో ఇంతకంటే మంచి బోర్డులు లేవా, ఇదే ఎందుకు ఎంచుకున్నావని అడిగాడు.

"నెమ్మదిగా ఉంటుంది సార్" అంది.

గదిలో నవ్వులు. ఆమె ఆగి, నవ్వులు అయిపోయాక పట్టీలు గోడకు అంటించింది. వేగం పెంచినచోట తన పేరు మీద ఎర్రగా గుండ్రం చుట్టి ఉంది. చదునుగీత దగ్గర తండ్రి పేరు రాసింది. ఒక్కొక్కటిగా చెప్పుకుంటూ పోయింది. జాణ ఒంటరిగా తొంభై ఎనిమిది. నీలం బోర్డు ఒంటరిగా డెబ్భై నాలుగు. దాచలేదు. కప్పు చూసే మనిషీ నీలం బోర్డూ కలిసి చెబితే, చెడ్డ కప్పును మంచిదనుకున్నది వంద దెబ్బల్లో ఒక్కసారి. మంచి కప్పును అనుమానించి ఊరికే బయటికి వచ్చినవి మాత్రం ఇరవై మూడు.

ఇరవై మూడు సార్లు పని ఆగితే ఉత్పత్తి సంగతేమిటన్నాడు పరీక్షకుడు.

"ఊరికే బయటికి రావడంవల్ల ఇంతవరకు ఎవరూ చనిపోలేదు సార్."

బొటాబొటి మార్కులు వేశారు. ఉద్యోగం మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. బిళ్లలు పెట్టడానికి హేమంత్ బాయి గేటు దగ్గరికి వెళితే పది మందీ వరసగా నిలబడి వద్దన్నారు. ఆయన వాదించలేదు. తీసుకున్నప్పుడు విజేత సంతకం పెట్టిన కాగితం ప్రకారం జాణ మాత్రం సంస్థది. తీసుకుపోయాడు. ఇరవై ఆరేళ్లు ముప్పై మందిని కాపాడిన చెవి ఇప్పుడు హైదరాబాద్‌లో ఏదో ఏసీ గదిలో, ఫాల్స్ సీలింగ్ కింద, ఒక సొరుగులో ఉంది.

ఓదెలు తన నోటితోనే ఆఫీసులో చెప్పుకున్నాడు, నాకు కప్పు వినపడతలేదని. అలా చెప్పడానికి ఎంత గుండె కావాలో ఆ పని చేసినవాళ్లకే తెలుసు. అతనికి పైన టోపీలైట్లు ఇచ్చే గదిలో పని ఇచ్చారు. పొద్దున దిగేవాళ్లు లైటు అందుకుంటూ అతని కళ్లలోకి చూడటానికి మొహమాటపడేవాళ్లు. శిక్షణ కేంద్రం ఆఫీసరు రెండు నీలం బోర్డులు కట్టించుకుని కొత్తవాళ్లకు ఇచ్చాడు. వాళ్లతోపాటు ప్రతి ఆదివారం యాభై నాలుగేళ్ల ఓదెలు కూడా చేతితొడుగు వేసుకుని సొరంగంలో నిలబడ్డాడు. ఇరవయ్యేళ్ల పిల్లల మధ్య. కొట్టేవాడు, చెప్పేవాడు, తప్పేవాడు. లైటు అతని మాటకు అడ్డం వస్తే మళ్లీ కొట్టేవాడు. యాభై రెండు. యాభై అయిదు. ఒక నెలంతా యాభై అయిదే. విజేత ఆపేద్దామని ఒకసారి అంది. అతను వినిపించుకోలేదు. అరవై. వానాకాలం గడిచింది. అరవై ఎనిమిది. గట్టయ్య ప్రతి ఆదివారం వచ్చి పక్కన నిలబడ్డాడు, ఒక్కసారి కూడా జవాబు ముందు చెప్పలేదు. నాలుక కరుచుకుని నిలబడ్డాడు. అదీ ఒక విద్యే.

పుష్యమాసపు చలిలో ఒక ఆదివారం. ఓదెలు సొరంగం చివర, నీళ్లు కారే మూల దగ్గర కర్ర ఎత్తి కొట్టాడు. ఎడమ అరచేయి ఆనించాడు. ఇంకోసారి కొట్టాడు.

"బయటికి" అన్నాడు. బటన్ నొక్కాడు.

నాలుగు సెకన్లు. పచ్చలైటు వెలిగింది.

విజేత బోర్డు వంక చూసింది. ఆ ఏడు నెలల్లో ఎప్పుడు లైటు తనకు అడ్డం వచ్చినా ఓదెలు వెంటనే తల వంచి, నాదే తప్పని మళ్లీ కొట్టేవాడు. ఈసారి తల వంచలేదు. కప్పునే చూస్తున్నాడు.

"డబ్బ తప్పు" అన్నాడు. "నడువుండ్రి."

నియమం నియమమే. అందరూ బయటికి వచ్చారు. గట్టయ్య ఒక్కడే తన కర్ర తీసుకుని, గట్టి కప్పు కిందే ఆగి, చెయ్యి చాచి ఆ మూలను కొట్టాడు. చాలాసేపు కొట్టాడు. వచ్చి కర్రను గోడకు ఆనించి, చేతులు దులుపుకున్నాడు.

"ఓదెలన్న మాటే నిజం. పలక సన్నగ ఇడిసింది" అన్నాడు.

ఓదెలు నవ్వలేదు, ఏడవలేదు. పాత పట్టాల మీద కూర్చుని సీసాలో నీళ్లు తాగాడు. తర్వాత విజేతను పిలిచి, ఇప్పుడు విన్న మోత డబ్బాలో లేదు, కొత్తోళ్లకు పనికొస్తది, ఎక్కియ్యి అన్నాడు.

నలభైకి మించి పట్టవు బాపూ అంది ఆమె. ఒకటి తీస్తేనే ఇంకొకటి.

ఓదెలు ఆలోచించాడు. నీళ్లు దాగిన కప్పు తీసెయ్యమన్నాడు.

గట్టయ్య అడ్డం వచ్చాడు. అన్నిటికంటే కష్టమైంది అదే, దాన్ని తీస్తే ఎట్లా, ఈ పిల్లలకు ఎవరు చెబుతారని కొట్లాటకు దిగాడు.

"నేను జెప్త" అన్నాడు ఓదెలు. "అది నాకెర్కే."

విజేత ఆ మోతను తీసేసింది.